గడ్డి పీకడం కూడా ఇంజినీరింగే!

బీటెక్ పూర్తిచేసి ఆర్నెల్లు ఇంట్లో కూర్చున్నారా? అయితే ఈ మాట మీ చెవిన పడే ఉంటుంది. ‘ఏం చేస్తున్నావురా, గడ్డి పీకుతున్నావా?’ మా విజయనగరం వైపు దాన్నే కాస్త సాగదీసి ‘ఏటి సేత్తన్నావురా, గడ్డి పీకతన్నావేటి?’ అంటారు. నా వంతు నేనూ విన్నాను. ఉద్యోగం వచ్చి బెంగళూరు బస్సెక్కే దాకా విన్నాను. విచిత్రం ఏమిటంటే.. అక్కడికి వెళ్లాక నాకు దొరికిన పెద్ద ఇంజినీరింగ్ పాఠం, గడ్డి పీకే మనిషి చెప్పిందే!

నేనూ ఓ స్నేహితుడూ కలిసి శని, ఆదివారాల్లో నేలలో తేమ కొలిచే సెన్సర్ కిట్ తయారు చేశాం. నగర శివార్లలోని ఓ గోల్ఫ్ మైదానం వాళ్లు పరీక్షించుకోండి అన్నారు. జెండా పాతిన గుంత చుట్టూ తివాచీలా పరుచుకుని ఉండే చోటుని ‘గ్రీన్’ అంటారు. అందులో ఒక మూల పసుపు రంగుకు తిరిగి ఉంది. సెన్సర్ గుచ్చాం. ఫోన్ తెరపై ‘తేమ సరిపడా ఉంది’ అని వచ్చింది. ‘నీళ్ల సమస్య కాదు, ఎరువు తక్కువై ఉంటుంది’ అని ఇద్దరం గంభీరంగా తేల్చేశాం.

పక్కనే కూర్చుని కలుపు తీస్తున్న పెద్దాయన లేచాడు. ‘ఏటి బాబూ, మీదే ఊరు?’ అన్నాడు. ఆ యాస వినగానే ప్రాణం లేచొచ్చింది. ఆయనది లావేరు దగ్గర పల్లె. ‘బాబాయ్, మాది రాజాం పక్కన’ అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడకుండా ఓ బోలు గొట్టం తెచ్చి పసుపు పడిన చోట నేలలోకి దించి పైకి తీశాడు. లోపలి ఇసుక కడ్డీలా బయటికొచ్చింది. రెండంగుళాల లోతులో నల్లటి చార. దాన్ని నా ముక్కు దగ్గర పెట్టాడు. కుళ్లిన కోడిగుడ్డు కంపు!

‘నీ మిసను నీళ్లున్నాయని సెప్తంది బాబూ. ఊపిరుందో నేదో సెప్పనేదు’ అన్నాడు.

ఇంటికెళ్లి చదివాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఇసుక రేణువుల మధ్య ఖాళీలు మూసుకుపోయి నీళ్లు నిలిస్తే గాలి ఆడదు. గాలి లేనిచోట బతికే బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. ఆ నల్ల చార, ఆ కంపు దానివే. వేళ్లకు ఊపిరాడక గడ్డి పసుపెక్కుతుంది. అక్కడ ఎరువు వేసినా, నీళ్లు పెట్టినా జబ్బు ముదురుతుందే కానీ తగ్గదు. చేయాల్సిందల్లా నేలకు రంధ్రాలు చేసి, ఇసుక నింపి, నీళ్లు తగ్గించడం.

వెళ్లే ముందు బాబాయ్‌ని ‘నీ పోస్టు ఏమిటి?’ అనడిగాను. కాంట్రాక్టరు రిజిస్టర్‌లో ఆయన పేరు పక్కన ‘అన్‌స్కిల్డ్’ అని ఉందట. ఇరవై ఏళ్లకు పైగా అదే. ఆ రోజు తప్పు చెప్పిన నేను ఇంజినీర్‌ని. సరిగ్గా చెప్పిన ఆయనకు నైపుణ్యం లేదని కాగితం చెబుతోంది!

ఆ కాగితం నన్ను ఇప్పటికీ వదల్లేదు. కట్టడం గొప్ప పని, కట్టినదాన్ని కాపాడటం కూలి పని అనే లెక్క మన బుర్రల్లో బలంగా నాటుకుపోయింది. ఆ లెక్క తప్పు. దాన్ని సరిచేసుకుంటే మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లకు ఎవరూ చూడని ఓ దారి కనిపిస్తుంది. గోల్ఫ్ మైదానం అందుకు మంచి ఉదాహరణ. రండి, ఆ తివాచీ ఎత్తి కింద ఏముందో చూద్దాం.

తివాచీ కింద ఏముంది?

గోల్ఫ్ గ్రీన్‌ని చాలామంది గడ్డి పెంచిన నేల అనుకుంటారు. నిజానికి అదొక కట్టడం. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రకటించిన పద్ధతి ప్రకారం.. అడుగున నీరు పోయే గొట్టాలు, వాటి మీద సుమారు 10 సెంటీమీటర్ల కంకర, ఆపైన 30 సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం. గడ్డి పెరిగేది ఆ ఇసుకలోనే.

సన్న ఇసుక కింద ముతక కంకర ఎందుకు? సన్నటి రంధ్రాల్లోని నీరు కింద పెద్ద రంధ్రాలున్నా వెంటనే దిగిపోదు. పైపొర బాగా తడిసి, బరువెక్కాకే దిగుతుంది. తడి స్పాంజిని గాలిలో పట్టుకుంటే కాసేపు కారి ఆగిపోతుంది చూశారా.. అదే సూత్రం. మామూలు రోజుల్లో గడ్డికి కావాల్సిన తేమ పైనే నిలుస్తుంది. కుండపోత కురిస్తే అదనపు నీరు కిందికి పోతుంది. సివిల్ వాళ్లు సాయిల్ మెకానిక్స్‌లో పరీక్ష కోసం బట్టీపట్టే కేశనాళికీయత ఇక్కడ రోజూ పనిచేస్తుంది.

ఇక కోత. గ్రీన్ మీద గడ్డి ఎత్తు మూడు, నాలుగు మిల్లీమీటర్లు. ఆటగాడు నడిచే పొడవాటి దారి ‘ఫెయిర్‌వే’లో అది పది, పదిహేను మిల్లీమీటర్లు. ఇంత సన్నగా కోయాలంటే రీల్ మోవర్ కావాలి. తిరిగే బ్లేడ్లకీ, కింద కదలకుండా ఉండే బ్లేడుకీ మధ్య సందు కాగితం మందం కన్నా ఎక్కువుంటే గడ్డి తెగదు, చీలుతుంది. చీలిన కొసలు ఎండి మైదానం తెల్లబారుతుంది, రోగాలకు తలుపు తెరిచినట్టవుతుంది. ఆ సందు సరిచేసే మెకానిక్ లేకపోతే లక్షల రూపాయల యంత్రం ఉన్నా వృథానే.

గ్రీన్ ఎంత నునుపుగా ఉందో కొలవడానికీ ఓ పరికరం ఉంది. ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే అమెరికా ఆటగాడు 1935లో దాన్ని ఆలోచించాడు. మూడడుగుల పొడవున్న కమ్మీ, దానికో గాడి. గాడిలో బంతి పెట్టి కమ్మీని నెమ్మదిగా పైకెత్తితే సుమారు 20 డిగ్రీల వాలులో బంతి జారుతుంది. నేల మీద ఎన్ని అడుగులు దొర్లిందో అదే ఆ గ్రీన్ వేగం. బ్యాటరీ లేదు, యాప్ లేదు. అయినా ప్రపంచమంతా దీన్నే వాడుతోంది. హాస్టల్ గదిలో సర్క్యూట్లతో కుస్తీ పట్టే మనకు ఇందులో చిన్న పాఠం ఉంది. పని తెలిసినవాడు చేసిన పరికరం సింపుల్‌గా ఉంటుంది.

కార్తెలు తెలిసినవాడికి ఇది కొత్త కాదు

విదేశీ పుస్తకాల్లో గోల్ఫ్ మైదానం క్యాలెండర్ మంచు, వసంతం, ఆకులు రాలే కాలం అంటూ సాగుతుంది. దాన్ని తెచ్చి మన తీరంలో పెడితే మైదానం మూతపడుతుంది. మనకు దగ్గర్లో, విశాఖ ముడసర్లోవ పక్కన ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉంది. దేశీయ ప్రొఫెషనల్ టూర్‌లో భాగమైన ‘వైజాగ్ ఓపెన్’ పోటీలకు వేదిక అదే. ఈ తీరంలో పచ్చిక కాపాడాలంటే కొండలు, సముద్రం, రెండు రుతుపవనాలు, తుపాన్లు.. వీటిని లెక్కలోకి తీసుకోవాల్సిందే. ఏడాది పని ఇలా నడుస్తుంది.

రోహిణి ఎండలు దాటుతుండగా, మే చివర, జూన్ మొదట్లో పెద్ద పని. మైదానాన్ని కొన్నాళ్లు ఆపి నేలలోంచి బోలు మేకులతో చిన్న చిన్న మట్టి కడ్డీలు లాగేస్తారు. ఆ రంధ్రాల్లో ఇసుక నింపుతారు. రైతు భాషలో చెప్పాలంటే నేల తిరగేయకుండా చేసే దుక్కి. వేడిలో ఈ గడ్డి జోరుగా పెరుగుతుంది కాబట్టి రెండు, మూడు వారాల్లో గాయం మానుతుంది. ఇదే పని శీతాకాలంలో చేస్తే గాయం అలాగే ఉంటుంది. వానలు ముదిరాక చేస్తే ఇసుక కొట్టుకుపోతుంది. మృగశిర వస్తోందని విత్తనాలు సిద్ధం చేసుకునే రైతుకు ఉండే తొందరే ఇక్కడా ఉంటుంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా గడ్డితో పరుగు పందెం. ఒక్కో కోతలో ఆకులో మూడో వంతుకు మించి కోయకూడదన్నది నియమం. మూడు రోజులు ముసురు పట్టి మోవర్ దిగలేకపోతే గడ్డి చేయి దాటిపోతుంది. అప్పుడు ఒక్కసారిగా కిందికి కోస్తే నేల బోడిగుండు. ఎత్తు పెంచి, విడతలుగా దించాలి. తుంగ మొలుస్తుంది. పైన పీకితే కింద గడ్డ మిగిలి మళ్లీ వస్తుందని వరి చేలో దిగిన ప్రతి ఒక్కరికీ తెలుసు. వాన ముందు నత్రజని వేస్తే డబ్బులు కాలువలో పోసినట్టే. అది చెరువుకు చేరి గుర్రపుడెక్కను పెంచుతుంది.

అక్టోబరు, నవంబరు మన తీరానికి గండం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను చుట్టేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడితోటలను నేలమట్టం చేసింది. తుపాను హెచ్చరిక రాగానే మైదానంలో ఎరువులు ఆపేస్తారు, కాలువల మూతులు శుభ్రం చేస్తారు, బరువు కొమ్మలు తీస్తారు, పంపు మోటార్లు పైకెత్తుతారు. తుపాను పోయాక కొమ్మలు ఏరడంతో పని అయిపోదు. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పును మంచినీటితో కడగాలి. నేలలో సోడియం పెరిగిందని పరీక్షలో తేలితే జిప్సం వేయాలి. చౌడు నేల బాగు చేసే రైతు చేసేదీ అదే.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆటల కాలం. ఢిల్లీ వైపు చలికి ఈ గడ్డి గోధుమ రంగుకు తిరిగి నిద్రపోతుంది. మన తీరంలో అంత చలి లేదు. పెరుగుదల మాత్రం నెమ్మదిస్తుంది. పొద్దున్నే ఆకుల మీద మంచు ఎక్కువసేపు నిలిస్తే బూజు తెగుళ్లు పాకుతాయి. అందుకే పొడవాటి వెదురు గెడతో మంచు దులిపే పాత పద్ధతి ఉంది. గ్రీన్ మీద 108 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గుంతను పోటీల వేళ రోజూ కొత్త చోటికి మారుస్తారు, ఒకేచోట తొక్కుడు పడకుండా. మార్చి నుంచి మళ్లీ నీళ్ల లెక్కలు.

చూశారా? ఇందులో సగం మీ నాన్నకో, తాతకో తెలిసిన విద్యే. మిగతా సగం మీరు కాలేజీలో చదివిందే. రెండూ ఒకే మనిషిలో ఉండటమే తక్కువ.

గరిక, గంటెలు.. ఒకే శాస్త్రవేత్త

వినాయక చవితికి మనం గుప్పెడు గరిక తెంపి పూజలో పెడతాం. మర్నాడు అదే గరికను చేలో కనిపిస్తే తిట్టుకుంటూ పీకుతాం. ప్రపంచం ‘బెర్ముడా గ్రాస్’ అని పిలుచుకునేది ఆ గరికనే. వేడి దేశాల్లోని గోల్ఫ్ మైదానాలు ఎక్కువగా దాని మీదే నడుస్తున్నాయి.

మామూలు గరికను మూడు మిల్లీమీటర్లకు కోస్తే తట్టుకోలేదు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ పరిశోధన కేంద్రంలో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త దాన్ని ఆఫ్రికా జాతి గరికతో సంకరం చేసి సన్నని, పొట్టి రకాలు తెచ్చారు. ‘టిఫ్‌గ్రీన్’ (1956), ‘టిఫ్‌వే’ (1960), ‘టిఫ్‌డ్వార్ఫ్’ (1965).. ఈ పేర్లన్నిటిలో ఉన్న ‘టిఫ్’ ఆ ఊరి పేరే.

ఇక్కడే అసలు మలుపు. అదే బర్టన్, అదే టిఫ్టన్‌లో, సజ్జ పంట మీద కూడా పనిచేశారు. మన వైపు గంటెలు అంటామే, అవే. ఆయన తయారుచేసిన ‘టిఫ్ట్ 23ఏ’ అనే రకాన్ని తల్లిగా తీసుకుని మన దేశంలో 1965లో తొలి సంకర సజ్జ ‘హెచ్‌బీ-1’ విడుదలైంది. అక్కడి నుంచే మన సజ్జ దిగుబడుల కథ మారింది. ధనవంతుల ఆటకు గడ్డి ఇచ్చిన చేతులే మెట్టరైతు అంబలికి గింజ కూడా ఇచ్చాయి. విద్య ఒకటే, దాన్ని ఎక్కడ వాడతామన్నదే తేడా.

గోల్ఫ్ పుట్టిన గడ్డ మీద కూడా ఈ పనికి చిన్నతనం లేదు. 1860లలో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ మైదానాన్ని చూసుకున్న ఓల్డ్ టామ్ మోరిస్, అదే కాలంలో ‘ది ఓపెన్’ను నాలుగుసార్లు గెలిచిన విజేత. గడ్డి మీద పల్చగా ఇసుక చల్లితే నునుపు తేలుతుందని ఆచరణలో పెట్టి చూపించిందీ ఆయనే. కప్పు గెలిచిన మనిషే పార పట్టాడు. ఆ రెంటినీ విడదీసి, ఒకరికి దండ, ఇంకొకరికి ‘అన్‌స్కిల్డ్’ అన్న ముద్ర వేసింది తర్వాతి వాళ్లం.

‘తాగడానికి నీళ్లు లేవు, గోల్ఫ్ ఏమిటి?’

ఈ ప్రశ్న మీకు వచ్చిందా? రావాలి. నాకూ వచ్చింది. కిడ్నీ జబ్బులతో కునారిల్లిన ఉద్దానం మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. మంచినీళ్ల విలువ మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ముందు లెక్క చూద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. ఒక హెక్టారు మీద అయితే పది వేల లీటర్లు. 20 హెక్టార్ల పచ్చికకు వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్లు పెడితే? పది లక్షల లీటర్లు. ఒక్క రోజుకు! ఈ అంకె చూశాక ఎవరికైనా గుండె ఝల్లుమనాలి.

కాబట్టి జిల్లాకో గోల్ఫ్ మైదానం కట్టండని నేను రాయడం లేదు. బోరు నీళ్లతో కొత్త మైదానం కడతామంటే నేనూ వద్దనే అంటాను. నా వాదన వేరు. ఇప్పటికే ఉన్న మైదానాలు, స్టేడియంలు, పార్కులు, రిసార్టులు రోజూ నీళ్లు తాగుతున్నాయి. వాటి దాహం తగ్గించగలిగేది ఉద్యమ నినాదం ఒక్కటే కాదు. లెక్క తెలిసిన మనిషి కూడా కావాలి.

ఎలాగంటే.. స్ప్రింక్లర్లు నీటిని అంతటా సమానంగా చల్లవు. సగటున 10 మిల్లీమీటర్లు పడినా, తక్కువ పడిన పావు భాగంలో 6 మిల్లీమీటర్లే పడిందనుకోండి. సమానత్వం 60 శాతం. ఆ ఎండిన చోట కూడా 10 మిల్లీమీటర్లు పడాలని మోటారు తిప్పితే మొత్తం మైదానానికి 67 శాతం ఎక్కువ నీళ్లు పోస్తున్నట్టు. నాజిల్ మార్చి, ఒత్తిడి సరిచేస్తే ఆ నీళ్లు మిగిలిపోతాయి. శుద్ధి చేసిన మురుగు నీటిని వాడటం, ఆట లేని అంచుల్లో పచ్చిక తగ్గించి స్థానిక చెట్లు పెంచడం, రోజూ పైపైన తడపకుండా రోజులు విడిచి లోతుగా తడపడం.. ఇవన్నీ ఇదే బాట. పురుగుమందు అయినా అంతే. తెగులు గుర్తుపట్టలేనివాడు మైదానమంతా పిచికారీ చేస్తాడు, గుర్తుపట్టినవాడు నాలుగు చదరపు మీటర్ల దగ్గర ఆపుతాడు. నైపుణ్యానికి డబ్బివ్వని యాజమాన్యం ఆ డబ్బును చివరికి నీళ్లకీ, మందులకీ పోస్తుంది.

భోగాపురం వాకిట్లో మనమెక్కడ?

ఇప్పుడు మన ఊరి సంగతి. విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో అంతర్జాతీయ విమానాశ్రయం రూపుదిద్దుకుంది. విమానాశ్రయం వెంట హోటళ్లు, రిసార్టులు, లాన్లు వస్తాయి. విమానాశ్రయంలో కూడా గడ్డి పెద్ద విషయమే. రన్‌వే పక్కన గడ్డి ఎత్తును, పురుగులను, గింజలను అదుపులో పెట్టకపోతే పక్షులు వస్తాయి. పక్షులు విమానాలకు ప్రమాదం. విజయనగరంలో డాక్టర్ పి.వి.జి. రాజు ఏసీఏ క్రీడా ప్రాంగణం ఉంది, రంజీ మ్యాచ్‌లు జరిగాయి. శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి స్టేడియం ఉంది. విశాఖ స్టేడియంలో 2005 ఏప్రిల్ 5న పాకిస్థాన్ మీద ధోనీ చేసిన 148 పరుగులు మనందరికీ గుర్తే. ఆ పిచ్ తయారుచేసిన చేతులు ఎవరివో మనలో ఎంతమందికి గుర్తు?

ఈ పనులన్నీ ఎవరో ఒకరు చేస్తారు. ప్రశ్న అది కాదు. భూములిచ్చిన ఊళ్ల పిల్లలు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డులుగా, ఎండలో ‘అన్‌స్కిల్డ్’ కూలీలుగా మిగిలిపోయి, మైదానం నడిపే ఉద్యోగం మాత్రం ఎక్కడి నుంచో వచ్చినవాళ్లకు వెళ్తుందా? లేక మనవాళ్లే ఆ కుర్చీలో కూర్చుంటారా?

ఆ కుర్చీకి పేరుంది. గోల్ఫ్ మైదానం బాధ్యుణ్ని ‘సూపరింటెండెంట్’ అంటారు. మనకు ఆ మాట వింటే ఆస్పత్రో, జైలో గుర్తొస్తుంది కానీ, అది బడ్జెట్, మనుషులు, యంత్రాలు, నీళ్లు, నేల అన్నీ చూసుకునే పదవి. మన దేశంలో వాళ్లకో సంఘం కూడా ఉంది. క్రికెట్‌లో ఆ స్థానం పిచ్ క్యూరేటర్‌ది. బీసీసీఐ వారికి శిక్షణ ఇచ్చి పరీక్షలు పెడుతుంది. దేశంలో తొలి మహిళా పిచ్ క్యూరేటర్‌గా పేరు తెచ్చుకున్న జసింత కల్యాణ్ కథ తెలుసా? కర్ణాటకలో రైతు కుటుంబంలో పుట్టారు. అక్కడి క్రికెట్ సంఘంలో రిసెప్షనిస్టుగా చేరారు. తర్వాత మైదానం పని నేర్చుకుని క్యూరేటర్ అయ్యారు. అమ్మాయిలకు ఇది పనికిరాదని ఎవరైనా అంటే ఆమె పేరు చెప్పండి.

మీరేం చేయొచ్చు?

లక్షలు కట్టి ఏదో ఆన్‌లైన్ కోర్సులో చేరండని నేను చెప్పను. ముందు ఈ పని మీకు సరిపడుతుందో లేదో పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు.

ఈ ఆదివారం మీ ఊరి హైస్కూల్ మైదానానికి వెళ్లండి. పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకెళ్లి పది చోట్ల గుచ్చండి. ఎక్కడ సులువుగా దిగింది? ఎక్కడ మొరాయించింది? కాగితం మీద మైదానం బొమ్మ గీసి గుర్తు పెట్టండి. అది మీ మొదటి నేల మ్యాపు. స్ప్రింక్లర్ ఉన్న తోట దొరికితే ఒకే సైజు ప్లాస్టిక్ గ్లాసులు ఇరవై వరుసగా పెట్టి పావుగంట మోటారు వేయించండి. ఒక్కో గ్లాసులో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో స్కేలుతో కొలవండి. పైన చెప్పిన సమానత్వం లెక్క కట్టండి. ఆ రైతుకు ఎన్ని నీళ్లు వృథా అవుతున్నాయో చెప్పండి. వాన పడ్డాక నీళ్లు ఎక్కడ నిలిచాయి, ఎన్ని గంటలకు ఇంకాయి అని రాసుకోండి. ఇలా ఒక ఏడాది, నాలుగు కాలాలూ రాస్తే అది సర్టిఫికెట్‌కు ఏమాత్రం తీసిపోదు. ఇంటర్వ్యూలో నా ఎదురుగా కూర్చుని ఆ నోట్‌బుక్ చూపించినవాడిని నేనైతే వదులుకోను.

ఆ తర్వాత మీ చదువును బట్టి దారి. వ్యవసాయం, ఉద్యానం చదివేవాళ్లకు నైరలో వ్యవసాయ కళాశాల, పార్వతీపురంలో ఉద్యాన కళాశాల మన దగ్గరే ఉన్నాయి. వరి, మామిడితో పాటు పచ్చిక మీద కూడా ప్రాజెక్టు అడగండి. మెకానికల్, ఐటీఐ వాళ్లు రీల్ మోవర్లు, పంపుల మీద చేయి తిప్పుకోండి. ఈసీఈ, సీఎస్ఈ వాళ్లు సెన్సర్లు చేయండి. కానీ ముందు నేల వాసన చూడండి. నాలాగా తర్వాత కాదు. డ్రోన్ పైలట్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు పై నుంచి తీసిన ఫొటోలో పసుపు మచ్చ చూపించగలరు. ఆ మచ్చ దాహమా, ఊపిరాడకపోవడమా అన్నది దిగి గొట్టం గుచ్చినవాడే చెప్పాలి.

ఒక హెచ్చరిక కూడా. ఈ రంగంలో మొదటి రెండేళ్లూ ఏసీ గది ఉండదు. తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలవుతుంది, ఆటగాళ్లు రాకముందే కోత పూర్తవ్వాలి. మంచి ఉద్యోగాలు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉన్నాయి. కాంట్రాక్టు పద్ధతి ఎక్కువ. అందుకే చేరే ముందు హోదా ఏమిటి, పీఎఫ్ ఉందా, రిజిస్టర్‌లో ఏ కేటగిరీ రాస్తారు అని అడగండి. సిగ్గుపడకండి.

మైదానాలు నడిపే పెద్దలకు కూడా ఒక మాట. పదేళ్లు, ఇరవై ఏళ్లుగా నేల చూస్తున్న మనిషిని పరీక్షించండి. తెగులు గుర్తుపడతాడా, మోవర్ సరిచేస్తాడా, తుపాను ముందు ఏం చేయాలో చెబుతాడా అని అడగండి. చెబితే ‘స్కిల్డ్’ అని రాయండి, ఆ జీతం ఇవ్వండి. అది దయాదాక్షిణ్యం కాదు. ఆయన మానేసి ఊరికి పోతే మీకు తెలిసొచ్చే నష్టం ముందు ఆ జీతం ఏపాటిది?

ప్రారంభోత్సవానికి రిబ్బన్ కత్తిరించడం మనకు బాగా వచ్చు. రెండేళ్ల తర్వాత అదే మైదానంలో వయ్యారిభామ మొలిస్తే తలతిప్పుకుని వెళ్లిపోవడమూ వచ్చు. మన ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు, స్కూలు మరుగుదొడ్డి, పంట కాలువ.. అన్నిటిదీ ఇదే కథ. కట్టేవాళ్లకు కొదవలేదు. కాపాడేవాళ్లే కరవు. కరవు ఉన్నచోటే గిరాకీ ఉంటుందని ఏ కెరియర్ కౌన్సెలర్ అయినా చెబుతాడు.

లావేరు బాబాయ్ సంక్రాంతికి ఊరొస్తే ఫోన్ చేస్తాడు. పోయినసారి మా ఇంటికొచ్చాడు. మా నాన్నకు పరిచయం చేస్తూ ‘నాకు పాఠం చెప్పిన మాస్టారు’ అన్నాను. నాన్న నమ్మలేదు. ‘ఏటి సెప్పినారండీ మావోడికి?’ అని అడిగాడు. ఆయన నవ్వి, ‘గడ్డి పీకడం’ అన్నాడు.